చేతులు ఎక్కించే పద్ధతి

మేడమీది గది, కిటికీ పక్కనుంచి

చేతులమ్మా,

మిషను వచ్చింది. ఇద్దరు మనుషులు రొప్పుతూ మెట్లమీదుగా మోసుకొచ్చి కిటికీ కింద దింపి వెళ్లారు. కొత్తదేం కాదు, ఎవరో పెద్దావిడ కళ్లు కనపడక వదిలేసింది. కాలితో తొక్కేది. బెల్టు బిగించి, నూనె పట్టించి, పాత గుడ్డమీద కుట్టు సరిచూసుకునేసరికి పూటంతా అయిపోయింది. మన ఫ్యాక్టరీలో సూది విరిగితే చెయ్యెత్తి మెకానిక్‌ని పిలవడమేగానీ, మనం ఏనాడైనా సూది బిగించిన పాపాన పోయామా? నా దగ్గరున్న ఫ్యాక్టరీ సూదులు దీనికి పట్టవని కూడా ఇప్పుడే తెలిసింది. వాటి కాడ గుండ్రం. దీనికి ఒక పక్క చదునుగా ఉండాలట.

అన్నిటికన్నా నా మోకాలు నా పరువు తీస్తోంది. గుడ్డ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా, గుడ్డని నొక్కే పాదాన్ని పైకెత్తే మీట కోసం, ఫ్యాక్టరీలో అలవాటైన కుడి మోకాలు దానంతటదే పక్కకి పోతుంది. ఈ మిషనుకి ఆ మీట వెనకాల ఉంది, చేత్తో ఎత్తాలి. మోకాలు వెళ్లి ఉత్తగాలిని పొడుస్తుంది. మీ బావ మంచం మీదనుంచి చూసి, "ఎవర్ని తంతున్నావే?" అంటాడు.

ఇక అసలు సంగతి. ఫ్యాక్టరీ మూసేశాక నువ్వు ఆ దూరపు ఊళ్లో పనికి పోతూ నన్నూ రమ్మన్నావు. ఈయన్ని వదిలి రాలేనన్నాను. ఈయన ఊపిరి సంగతి నీకు తెలుసు. నాలుగు మెట్లెక్కితే మాట రాదు. నేను లేకపోతే తమ్ముడింటికి పోవాలి. మరిది మంచివాడే. కానీ ఇంటి కింద ఆయన కలప కోసే షెడ్డు, ఇల్లంతా రంపపు పొట్టు. మనమే వెళ్లొచ్చాక రోజంతా దగ్గాం. ఈ మనిషి అక్కడ ఎన్నాళ్లు బతుకుతాడు?

అందుకని మా వీధి చివరి బడికి వెళ్లి పని అడిగాను. పెద్ద మేడమ్, "ఇన్నేళ్లు చొక్కాలు కుట్టారుగా, ఒకటి కుట్టి తెచ్చి చూపించండి. బాగుంటే పిల్లల యూనిఫాం చొక్కాలన్నీ మీకే ఇస్తాను," అంది. బడి తెరిచేలోగా చూపించాలి. అలాగేనని వచ్చేశాను. ఇన్నేళ్లూ నేను కుట్టింది కాలర్లు మాత్రమేనని ఎలా చెప్పను? నీ చేతులు నీవి, నా కాలర్లు నావి. ఒక్క చొక్కా మొదటినుంచి చివరిదాకా నా చేతిలో పుట్టింది లేదు. మిషను ముందు కూర్చోగానే ఏం చేశానో తెలుసా? కాలర్. దాని తర్వాత ఇంకో కాలర్. మీ బావ, "ఇల్లంతా మెడలే, మనుషులేరే?" అన్నాడు.

మేడమ్ కొలతకని ఒక పాత చొక్కా ఇచ్చింది. దాన్ని పరిచి ఒళ్లు గీసుకున్నాను, జేబు గీసుకున్నాను. చెయ్యి మాత్రం విప్పితే తప్ప బల్లమీద పరుచుకోదు. తిరిగి ఇచ్చెయ్యాల్సిన చొక్కా, విప్పలేను. చెయ్యి ఎలా కత్తిరించాలో, ఎలా ఎక్కించాలో చిన్నపిల్లకి చెప్పినట్టు రాయి. నువ్వు తప్ప నాకు చెప్పేవాళ్లు లేరు.

నీ కాలరక్క


ఫ్యాక్టరీ హాస్టల్, కింది అంతస్తు

కాలరక్కా,

వార్డెన్ నీ ఉత్తరం పట్టుకుని భోజనాల గదిలో అందరి ముందూ నన్ను పిలిచింది. ఇక్కడికి వచ్చాక నాకు ఉత్తరం రావడం ఇదే మొదలు. గర్వంగా నడిచి వెళ్లి తెచ్చుకున్నాను. ఫోను చేద్దామంటే ఇక్కడ వరసలో నిలబడాలి, వెనకవాళ్లు మెడమీద ఊపిరి వదులుతుంటారు. మనకి ఉత్తరాలే మేలు.

ఇక్కడ అంతా బాగుంది. మిషన్లు కొత్తవి, చప్పుడే తెలియదు. లైనులో అందరూ చిన్నపిల్లలు, నన్ను ఆంటీ అంటారు. నా పక్క మంచం ఖాళీగా ఉంది. మా అక్క వస్తుందని వార్డెన్‌కి చెప్పి నా పెట్టె దానిమీదే పెట్టాను. నువ్వేమో అక్కడ మోకాలితో గాలిని పొడుస్తున్నావు. ఈ వయసులో కొత్తగా దర్జీపని ఎందుకక్కా? చేతనైన పని చేతిలో ఉండగా?

సరే, అడిగావు కాబట్టి చెబుతాను. చెయ్యి అంత బ్రహ్మవిద్యేం కాదు. గుడ్డని నిలువునా రెండు మడతలు వెయ్యి. మడత దగ్గర ఎత్తుగా, అంచు దగ్గర పల్లంగా వచ్చేట్టు వంపు గీసి, రెండు మడతలూ కలిపి కత్తిరించు. రెండు పక్కలా సమానంగా వస్తుంది. ఏ చెయ్యి ఏ పక్కకి అన్న గొడవ కూడా లేదు. చెయ్యి అంచు చంక అంచు కన్నా కాస్త ఎక్కువ వస్తుంది, కంగారు పడకు. కుట్టేటప్పుడు చెయ్యి కింద ఉండాలి, చొక్కా పైన ఉండాలి. మిషను కింది పళ్లు ఆ ఎక్కువ గుడ్డని వాటంతటవే లాక్కుంటాయి. వేళ్లతో మెల్లగా తోస్తూ పో. ఎక్కడా ముడత పడకూడదు. ఆ తర్వాత పక్క కుట్టు, చెయ్యి కుట్టు ఒకే వరసలో వేసెయ్యి.

బావని అడిగానని చెప్పు. మెడలు కుట్టే మనిషిని కట్టుకున్నవాడికి మాట పడక తప్పుతుందా అని కూడా చెప్పు.

చేతులమ్మ


మేడమీది గది

చేతులమ్మా,

నీ నోట్లో చక్కెర పొయ్య! నువ్వు చెప్పినట్టే చేశాను. చెయ్యి కింద, చొక్కా పైన. ఆ పళ్లు గుడ్డని లాక్కోవడం చూస్తే నాకే నవ్వొచ్చింది, ఇన్నేళ్లు నీ పక్కన కూర్చుని ఒక్కసారి తొంగి చూడలేదు కదా అని. రెండు చేతులూ అచ్చు ఒకేలా వచ్చాయి, మడత పెట్టి కొలిచి మరీ చూసుకున్నాను. మీ బావ పొద్దున్నుంచి నాకు బాబిన్‌కి దారం చుట్టి పెడుతున్నాడు. "నాకూ ఉద్యోగం దొరికింది," అంటాడు.

చొక్కా ఇస్త్రీ చేసి గోడకి మేకుకి తగిలించాను. మొత్తం చొక్కా! కాలర్ నాదే, జేబు నాదే, గుండీలు నావే. చేతులు మాత్రం నీవి అనుకున్నాను. ఉండబట్టలేక చెబుతున్నాను, నీ చేతులే వచ్చి నన్ను గట్టెక్కించాయి. రేపు బడికి పట్టుకెళ్తాను.

కాలరక్క


హాస్టల్

అక్కా,

ఏమైంది? నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రోజూ భోజనాల దగ్గర వార్డెన్ చేతికేసి చూస్తున్నాను. మేడమ్ ఏమంది?

ఒకవేళ కాదంటే మనసు కష్టపెట్టుకోకు. నీ గురించి ఇక్కడి సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. కాలర్ చేసే మనిషి దొరకడం లేదట, ఎప్పుడొచ్చినా పెట్టుకుంటామన్నారు. బావ గురించి అంత బెంగ పెట్టుకోకు. తమ్ముడింట్లో నలుగురు మనుషులు ఉంటారు, వేళకి ఇంత పెడతారు. పై గదిలో ఉంటే దుమ్ము అంతదాకా ఏం వస్తుంది?

వెంటనే రాయి.

చేతులమ్మ


మేడమీది గది

చేతులమ్మా,

కాదంది.

చూడగానే బాగుందంది. కాలర్‌ని వేలితో రాసి మరీ చూసింది. తర్వాత ఆ కొలతకి సరిపోయే వాచ్‌మన్ కూతుర్ని పిలిచి తొడిగించింది. "చెయ్యెత్తమ్మా, పాఠం అడిగితే ఎత్తినట్టు," అంది. పిల్ల చెయ్యెత్తింది. చొక్కా మొత్తం నడుములోంచి ఊడి పైకి వచ్చేసింది. ముందు భుజం దగ్గర గుడ్డంతా కుప్పపడింది, వెనక బిర్రుగా పట్టేసింది. రెండో చెయ్యి ఎత్తమంటే ఆ పిల్ల ఎత్తలేక నా మొహం చూసింది. మేడమ్ కేకలెయ్యలేదు. "బడి చొక్కాకి ముఖ్యమైన పనే చెయ్యెత్తడమండీ," అని మడిచి నా చేతికి ఇచ్చింది. వచ్చే వారం బజారులో దర్జీ కొట్టువాళ్లని పిలుస్తుందట. ఈలోగా ఇంకోటి తెస్తే చూస్తానంది, మాటవరసకి.

ఇంటికొచ్చి విప్పాను, మళ్లీ ఎక్కించాను. అదే తీరు. మూడోసారికి గుడ్డ అంచులు పీచులేచిపోయాయి. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను కాబట్టి తప్పు నా చేతిలోనే ఉంది. కాలర్ తప్ప నాకేం చేతకాదని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

మరిదికి కబురు పెట్టాం. ఆదివారం ఆటో తీసుకొస్తానన్నాడు. మీ బావ దారం చుట్టిన బాబిన్లన్నీ డబ్బాలో సర్ది మూత పెట్టాడు. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

ఆ మంచం నాకే ఉంచు. సూపర్‌వైజర్‌కి చెప్పు, వస్తున్నానని.

కాలరక్క


హాస్టల్

అక్కా,

సరే. వార్డెన్‌కి చెప్పాను. వచ్చేటప్పుడు దుప్పటి తెచ్చుకో, ఇక్కడివి పలచన.

తప్పు నీ చేతిలో ఉందని అనుకోకు. నీ చేతిలో ఏ తప్పూ లేదు.

బావకి మందులన్నీ సర్ది పంపు. ఆ ఇంట్లో కిటికీ తలుపులు వేసి ఉంచమని గట్టిగా చెప్పు. ఇంకా ఏదో రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను.

చేతులమ్మ


మేడమీది గది

నీ ఉత్తరం అందింది. దుప్పటి అవసరం లేదు.

ఆదివారం మరిది ఆటో తెచ్చి కింద నిలబెట్టాడు. మీ బావ చెప్పులేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఒంటిమీద మన ఫ్యాక్టరీ చొక్కా. గేటు మూసేసిన రోజు లైనులో మిగిలినవి మనకి పంచారే, అందులోది. పక్కన సంచి. నన్ను నవ్వించాలని, "అక్కడ పొట్టు పరుపు మెత్తగా ఉంటుందిలే," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. సంచి అందుకోవడానికి చెయ్యి ముందుకు చాచాడు.

చొక్కా కదల్లేదు. చెయ్యి మాత్రమే వెళ్లింది. భుజం దగ్గర కుప్పపడలేదు, వీపు దగ్గర పట్టెయ్యలేదు.

"చొక్కా విప్పు," అన్నాను.

"ఇప్పుడా?"

"విప్పమన్నానా!"

మరిది గుమ్మంలో నిలబడి అన్న మొహం, నా మొహం మార్చి మార్చి చూశాడు. ఈయన బనీనుతో కూర్చున్నాడు. నేను బ్లేడు తీసుకుని చంక కుట్టంతా విప్పి, చెయ్యి ఊడదీసి నేలమీద పరిచాను. నిలువునా మడిచాను. రెండు అంచులూ కలవలేదు. ఒక పక్క వంపు లోతుగా ఉంది, రెండో పక్క తక్కువ. లోతున్న అంచులో చిన్న గాటు ఒకటి ఉంది. రెండో అంచులో గాట్లు రెండు. చొక్కా చంక తిరగేసి చూశాను. ముందు పక్క ఒక గాటు, వెనక పక్క రెండు. లోతు వంపు ముందుకి, రెండోది వెనక్కి, గాటుకి గాటు కలవాలి, చిన్నపిల్లకైనా అర్థమవుతుంది.

"ఈ ఆదివారం కాదు, ఇంకెప్పుడూ ఈయన్ని పంపను," అని మరిదికి చెప్పాను. ఆయన నొచ్చుకోకుండానే ఆటో పంపేశాడు. సంచి మళ్లీ మేడమీదికి మోసుకొచ్చింది కూడా ఆయనే.

ఆ చొక్కా చేతులు నువ్వు ఎక్కించినవే. గాటుకి గాటు కలిపి ఎన్ని వేల చేతులు ఎక్కించావు! నువ్వు మర్చిపోయావని అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కాలర్‌కి మూలలుంటాయని నేను మర్చిపోతానా? పైగా నీ ఉత్తరం తీసి చదివితే, "ఏ చెయ్యి ఏ పక్కకి అన్న గొడవ కూడా లేదు" అని ఉంది. అది నేను అడగలేదు. అడగకుండానే రాశావు.

ఆ ఇంట్లో పొట్టు సంగతి నీకు తెలుసు. నువ్వూ దగ్గావు నాతో కలిసి.

మీ బావకి ఇంకా చెప్పలేదు. ఎందుకు చేశావో రాయి. అది తప్ప ఇంకేమీ రాయకు.


హాస్టల్

అక్కా,

అవును, నాకు తెలుసు.

మొదట రాసిన కాగితంలో గాటు సంగతి ఉంది. ఒక గాటు ముందు, రెండు గాట్లు వెనక, ముందు వంపు లోతుగా తియ్యాలి అని ఉంది. మడిచి కవరులో కూడా పెట్టాను. మళ్లీ తీసి చింపేసి, రెండోది రాశాను. చెయ్యి జారిందనో, పొరపాటు పడ్డాననో చెప్పను. తెలిసే చేశాను.

ఎందుకో రాయమన్నావు. ఇక్కడ బాగుందని రాశాను కదా, బాగోలేదు. నా లైనులో పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేస్తారు. వాళ్ల తప్పేం లేదు, నాలాంటిదాంతో ఏం మాట్లాడతారు? పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నా నోట్లోంచి వచ్చే మాటలు "జరగమ్మా", "అయిపోయింది", అంతే. ఒకరోజు మాట్లాడబోతే గొంతు రాలేదు, దగ్గి సరిచేసుకున్నాను. మన లైనులో పొద్దంతా నువ్వు తిడుతూ ఉండేదానివి, సూపర్‌వైజర్‌ని, దారాన్ని, నన్ను. ఆ తిట్లు లేకపోతే నేను పనిచెయ్యలేనని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. నాకు ఎదురు చూసే మనిషి లేడు, ఇల్లు లేదు. ఉన్నదల్లా పక్క మిషను మీద నువ్వు.

బావ గురించి ఆలోచించలేదని అబద్ధం చెప్పను. ఆలోచించాను. పై గదిలో దుమ్ము తక్కువ ఉంటుందని నన్ను నేనే నమ్మించుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయనకి నువ్వెంత అవసరమో నాకూ అంతే అవసరం అనుకున్నాను. ఆయనకి ఊపిరి అందదు, నాకు అందుతుంది, అంతే కదా తేడా అనుకున్నాను. ఎంత పాపిష్టి ఆలోచనో నువ్వు వస్తున్నానని రాసిన రోజు తెలిసింది. అన్నాళ్లూ ఎదురుచూసిన ఆ మాట చదివి నాకు సంతోషం కలగలేదు. అప్పుడైనా నిజం రాయాల్సింది. దుప్పటి గురించి రాశాను.

ముందు వంపు వేలి మందం లోతు ఎక్కువ తియ్యి. గాట్లు చిన్నవిగా పెట్టు, కుట్టు దాటకూడదు. ఈపాటికి నీకు ఇదంతా తెలిసే ఉంటుంది.

సూపర్‌వైజర్‌కి నువ్వు రావని చెప్పేశాను. పెట్టె కిందికి దింపాను. ఆ మంచం మీదికి ఎవరో కొత్తపిల్ల వచ్చింది. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. బావకి చెప్పు. నా గురించి ఆయనకి తెలియాలి.

చేతులమ్మ


మేడమీది గది, మిషను బల్ల మీద

చేతులమ్మా,

నీ ఉత్తరం రాకముందే రెండో చొక్కా కుట్టి పట్టుకెళ్లాను. మేడమ్ మళ్లీ ఆ పిల్లనే పిలిచింది. ఆ పిల్ల నన్ను చూసి ముందే భయపడింది. ఒక చెయ్యెత్తింది. రెండోదీ ఎత్తింది. చొక్కా నడుములోనే ఉంది. పిల్ల ఊరుకోకుండా గిర్రున తిరిగి, వంగి కాలివేళ్లు పట్టుకుని, లేచి మళ్లీ చేతులెత్తింది. మేడమ్, "చాలమ్మా, పరీక్ష నీకు కాదు," అంది. బడి మొత్తానికీ చొక్కాలు నాకే ఇచ్చారు. బేరం అయ్యాక బయట గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మీ బావకి చెప్పాను. నీ ఉత్తరాలన్నీ వరసగా చదివి వినిపించాను, ఒక్క ముక్క వదల్లేదు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడాలనే కోరుకున్నాను, నాకు తోడుగా ఉంటుందని. చివరికి, "దాన్ని ఒక్కదాన్నే అంత దూరం ఎలా పంపించావే?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్ను వెనకేసుకొస్తున్నాడని ఆ పూట ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం పిల్లిలా లేచి వచ్చి బాబిన్లకి దారం చుట్టుకుంటూ కూర్చున్నాడు.

నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. ఒక పూట నువ్వు గుర్తొచ్చి, వేళకి తింటున్నావో లేదోనని బెంగపడతాను. ఇంకో పూట, ఈయన ఆ పొట్టులో పడి దగ్గుతున్నట్టు కళ్లకి కట్టి, నీ మొహం చూడకూడదనిపిస్తుంది. చెప్పులేసుకుని బుద్ధిగా కూర్చున్న ఆ మనిషి నా కళ్లముందునుంచి పోడు. అది నువ్వు మోయాల్సిందే. నేను దించలేను.

కానీ బడి మొత్తానికి చొక్కాలు ఒక్కదాన్ని కుట్టలేను. ఇంకో మనిషి కావాలి. వీధిలో ఎవర్నైనా అడగొచ్చు, ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు కూడా. రేపు చెబుతానని పంపేశాను. రెండుసార్లు పంపేశాక నాకే అర్థమైంది, ఆ చోటు ఎవరి కోసం ఆపుతున్నానో. పని చేసేటప్పుడు పక్కన తిట్టడానికి నాకూ ఎవరూ లేరు. మీ బావని తిడదామంటే ఆయనకి తిరిగి తిట్టేంత ఊపిరి లేదు.

వచ్చెయ్యి. రెండో మిషను మాట్లాడాను. మెట్లకింది గది ఖాళీగానే ఉంది, సున్నం వేయిస్తాను.

ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. చేతులు నేనే ఎక్కిస్తాను. చొక్కా చెయ్యి నీ చేతికి ఇవ్వడానికి నాకింకా మనసు రావడం లేదు, ఎన్నాళ్లకి వస్తుందో తెలియదు. నువ్వు కాలర్ మీద కూర్చో. లోపలి గుడ్డ ఎంత తక్కువ కత్తిరించాలో, మూల దగ్గర కుట్టు ఎక్కడ ఆపాలో, తిరగేసేటప్పుడు మొన విరగకుండా ఎలా నెట్టాలో నీకు తెలియదు. నేర్పిస్తాను. నాకు తెలిసిందంతా నేర్పిస్తాను. ఒక్కటి కూడా దాచుకోను.

కాలరక్క